కొన్న ప్రాజెక్టు, విప్పిన బొమ్మ

ముందు నా బండారం నేనే బయటపెట్టుకుంటా, తర్వాత మిగతావాళ్ల జోలికి వెళ్తా. రెండో ఏడు మినీ ప్రాజెక్టు నేను కొన్నాను. నలుగురం కలిసి 4,500 రూపాయలు పోగేసుకుని సిటీలో ఒక షాపుకి వెళ్లాం. అక్కడ టిఫిన్ సెంటర్లో మెనూ కార్డులా లామినేషన్ చేసిన టైటిళ్ల లిస్టు ఇచ్చారు. "స్మార్ట్ ఇరిగేషన్ ఉందా అన్నా?" అంటే "సాదానా, యాప్‌తోనా?" అన్నాడు కౌంటర్లో ఉన్నతను. అచ్చం దోశ ఆర్డరిచ్చినట్టే. మూడు రోజులకి ఒక అట్టపెట్టె చేతికొచ్చింది. అందులో బోర్డు, సెన్సరు, చిన్న పంపు, బైండింగు చేసిన రిపోర్టు. రిపోర్టులో "మా స్వంత కృషి" అన్న డిక్లరేషన్ పేజీ కూడా వాళ్లే కొట్టిచ్చారు. మేం చేసిన స్వంత కృషి కింద సంతకాలు పెట్టడం.

రివ్యూలో సార్ ఒక్క ప్రశ్న అడిగారు. "ఇక్కడ 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఎందుకు పెట్టారు?" నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చివరికి నేనే ధైర్యం చేసి "కరెంట్ కోసం సార్" అన్నా. సార్ నవ్వి సంతకం పెట్టేశారు. 'ఏ' గ్రేడ్ వచ్చింది. ఆ రాత్రి బిర్యానీ తిన్నాం. ఆ బోర్డు ఇప్పటికీ నా మంచం కింద ఉంది, రెండోసారి ఆన్ చేసిన పాపాన పోలేదు.

ఇప్పుడు రెండో కథ. దీని కోసమే ఈ వ్యాసం.

మా అక్కవాళ్లది నరసరావుపేట దగ్గర ఊరు. ప్రతి శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్లడం మా ఇంట్లో ఆనవాయితీ. ప్రభలు చూడని వాళ్లకి చెప్పడం కష్టం. ఆకాశానికి నిచ్చెన వేసినట్టుండే ఆ చట్రాల నిండా కరెంటు దీపాలు వెలిగి ఆరుతుంటే ఈసీఈ వాడిగా నాకు మొక్కు కంటే ముందు "ఇన్ని లైట్ల వైరింగ్ ఎవరు చేశార్రా బాబూ" అనిపిస్తుంది. సరే, అసలు విషయానికొస్తా. అక్కడ మా బావ మేనల్లుడికి 550 పెట్టి ఒక ఎర్ర రిమోట్ కారు కొన్నాడు. వాడికి ఏడేళ్లు. మేం చిన్నోడు అంటాం. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. మాట బాగానే వస్తుంది, తెలివికి లోటు లేదు, చేతులే మాట వినవు. వేళ్లు బిగుసుకుపోతాయి. అరచేయి మొత్తం ఒకేసారి కదులుతుంది గానీ బొటనవేలు ఒక్కటే కదలదు.

ఆ రిమోట్‌కి రెండు చిన్న పుల్లలుంటాయి, బొటనవేళ్లతో తోయాలి. ఇంటికొచ్చాక జరిగింది మీరు ఊహించగలరు. వీధిలో పిల్లలందరూ వంతులేసుకుని కారు నడిపారు. చిన్నోడు మంచం మీద కూర్చుని "ఎడమకి తిప్పరా, మంచం కిందకి పోనీరా" అని చెబుతూ ఉన్నాడు. కారు వాడిది, డ్రైవర్లు వేరే. వాడేం ఏడవలేదు. వాడికది అలవాటే. నాకే ఏదోలా అయింది. మర్నాడు హాస్టల్‌కి వస్తూ "మావయ్య బాగుచేసి తెస్తాడు" అని కారూ రిమోటూ సంచిలో వేసుకున్నా. పాడవని దాన్ని బాగుచేయడమేంటని వాడు అడగలేదు.

రిమోట్ విప్పడానికి ఒక చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. ఒక స్క్రూ స్టిక్కర్ కింద దాక్కుని ఉంటుంది, దాని కోసం పావుగంట వెతికా. లోపల చూస్తే "ఇంతేనా?" అనిపిస్తుంది. ఒక 14 కాళ్ల చిప్పు, ఒక క్రిస్టల్, రెండు మూడు ట్రాన్సిస్టర్లు, ఒక కాయిల్, యాంటెనా వైరు. చిప్పు మీద టీఎక్స్-2బీ అని ఉంది. కారులో దాని జోడీ ఆర్ఎక్స్-2బీ. చౌక రిమోట్ కార్లలో ఏళ్ల తరబడి తిరుగుతున్న జంట ఇది. డేటాషీట్ కొన్ని పేజీలే, మూడో సెమిస్టర్ సిలబస్‌తో అర్థమైపోతుంది. మీ బొమ్మలో చిప్పు బదులు నల్లటి జిగురు చుక్క కనిపిస్తే కంగారు పడకండి. చిప్పు ఏదో తెలియకపోయినా, నొక్కినప్పుడు ఏ రెండు చోట్లు కలుస్తున్నాయో మల్టీమీటర్‌తో పట్టుకుంటే పని జరుగుతుంది.

దాని భాష కూడా చెబుతా, ఎందుకంటే నాకు మజా వచ్చింది అక్కడే. మనం పుల్లని తోసినప్పుడు చిప్పు ముందుగా నాలుగు వెడల్పాటి పల్సులు పంపుతుంది. అంటే "ఒరేయ్, విను" అని. తర్వాత సన్న పల్సులు. 10 సన్న పల్సులొస్తే ముందుకు. 40 వస్తే వెనక్కి. 58 ఎడమ, 64 కుడి. ముందుకీ ఎడమకీ కలిపి తోస్తే 28. అంతే. పేరు లేదు, పాస్‌వర్డ్ లేదు. అందుకే ఒకే ఫ్రీక్వెన్సీ కార్లు రెండు పక్కపక్కన పెడితే ఒకడి రిమోట్‌కి ఇద్దరి కార్లూ కదులుతాయి. చిన్నప్పుడు "దెయ్యం పట్టింది" అనుకునేవాళ్లం. దెయ్యం కాదు, అడ్రస్ బిట్లు లేకపోవడం.

ల్యాబ్ అసిస్టెంట్ అన్నని బతిమాలి ఒక మధ్యాహ్నం ఆసిలోస్కోప్ దగ్గర కూర్చున్నా. చిప్పు అవుట్‌పుట్ కాలు మీద ప్రోబ్ పెట్టి, స్క్రీన్ ఆపి, వేలితో లెక్కపెట్టా. నాలుగు లావువి. తర్వాత ఒకటి, రెండు... పది. మళ్లీ లెక్కపెట్టా. పదే. కమ్యూనికేషన్స్ ల్యాబ్‌లో రెండేళ్లుగా ఆ స్కోప్ మీద సైన్ వేవ్ చూసి రికార్డులో గీస్తున్నా గానీ, స్క్రీన్ మీద ఉన్నదానికి ఒక అర్థం ఉంటుందని ఆరోజే తెలిసింది. ఆ పది గీతల అర్థం "ముందుకు పో".

మొదటి వెర్షన్‌కి ప్రోగ్రామింగే అక్కర్లేదు. రిమోట్‌లో పుల్ల కింద ఉన్న రెండు చోట్ల నుంచి వైర్లు లాగి బయట పెద్ద బటన్‌కి కలిపా. ముందు కాలింగ్ బెల్ స్విచ్ పెట్టా, అది మరీ గట్టి, వాడి చేతికి దిగదు. ల్యాబ్ చెత్తబుట్టలో చచ్చిపోయిన మౌస్ దొరికితే దాని క్లిక్ స్విచ్ పీకా. దాని మీద ఫ్యామిలీ ప్యాక్ ఐస్‌క్రీమ్ డబ్బా మూత, మధ్యలో ప్యాకింగ్ స్పాంజి. అరచేత్తో ఎక్కడ కొట్టినా టిక్కుమంటుంది. శనివారం బస్సెక్కి పట్టుకెళ్లా.

కారు కదిలింది, గోడకి గుద్దుకుంది, అక్కడే చక్రాలు తిరుగుతూ ఉండిపోయింది. ఎందుకంటే చిన్నోడి చెయ్యి కిందకి పడటం తేలికే, పైకి లేవడానికే టైం పడుతుంది. నేను "వదులు, వదులు" అంటున్నకొద్దీ వాడి కండరాలు ఇంకా బిగుసుకున్నాయి. వాడు బటన్ వైపు కాకుండా నా వైపు చూడటం మొదలుపెట్టాడు. నేను బటన్ తీసి పక్కన పెట్టేశా. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూడలేదు.

అప్పుడొచ్చింది ప్రోగ్రాం అవసరం. వాడు ఎంతసేపు నొక్కాడన్నది కారుకి తెలియకూడదు, నొక్కాడన్నది మాత్రమే తెలియాలి. మధ్యలో ఒక చిన్న ఆర్డ్యునో నానో పెట్టా. బటన్ ఆర్డ్యునోకి, ఆర్డ్యునో నుంచి రిమోట్‌కి పీసీ817 అనే ఆప్టోకప్లర్లు, ఒక్కో దిక్కుకి ఒకటి చొప్పున. అవి ఒక్కోటి కొన్ని రూపాయలే. లోపల ఒక ఎల్ఈడీ వెలిగితే అవతల ట్రాన్సిస్టర్ "స్విచ్ నొక్కినట్టు" నటిస్తుంది. రెండు బ్యాటరీల సర్క్యూట్లకి మధ్య వైరు సంబంధమే ఉండదు, కాబట్టి ఏదీ కాలదు. ట్రాన్సిస్టర్ వైపు కాళ్లు తిరగేసి పెట్టి ఒక రాత్రంతా "కోడ్‌లో తప్పేంటి" అని వెతికిన ఘనత కూడా నాదే. కోడ్ 40 లైన్లు లేదు. నొక్కగానే ఒక సెకను కారు నడుస్తుంది, ఆగుతుంది. మళ్లీ కదలాలంటే చెయ్యి తీసి మళ్లీ కొట్టాలి.

పవర్ బ్యాంక్ పెడితే అర నిమిషానికోసారి పెట్టె చచ్చిపోయేది. ఎందుకో తెలియడానికి రెండు రోజులు పట్టింది. నానో తాగే కరెంటు మరీ తక్కువ కావడంతో "ఇక్కడ ఫోనేం లేదు" అనుకుని పవర్ బ్యాంక్ తనంతట తానే ఆగిపోతోంది. చివరికి పాత ఫోన్ చార్జర్ పెట్టేశా.

రెండోసారి వెళ్లినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. అక్కవాళ్ల ముందుగది పన్నెండడుగులుంటుందేమో. సెకనులో కారు ఈ చివర నుంచి ఆ చివరికి పోయి గుద్దుతోంది. 600 మిల్లీసెకన్లకి తగ్గించా. ఇంకా, కొన్నిసార్లు ఒక్క దెబ్బకి కారు రెండు మూడు సార్లు ఎగురుతోంది. స్విచ్ బౌన్స్ అనుకున్నా. పుస్తకం ప్రకారం 50 మిల్లీసెకన్లు ఆగితే చాలు. అది పెట్టే ఉంది. తర్వాత వాడి చెయ్యిని దగ్గర నుంచి చూశా. బౌన్స్ అవుతున్నది స్విచ్ కాదు, చెయ్యి. పైకి లేచేటప్పుడు వణుకుతూ మళ్లీ మళ్లీ మూతని తాకుతోంది. ఆ వణుకు ఏ డేటాషీట్‌లోనూ ఉండదు. అక్క మంచం మీదే ల్యాప్‌టాప్ పెట్టుకుని 200 పెట్టి చూశా, 300 పెట్టి చూశా, 400 దగ్గర కుదిరింది. చెయ్యి పూర్తిగా లేచి 400 మిల్లీసెకన్లు దాటితేనే తర్వాతి దెబ్బ లెక్కలోకి వస్తుంది.

ఆరోజు చిన్నోడు కారుని తిన్నగా మంచం కిందకి పంపాడు. బయటికి తేవడానికి వెనక్కి బటన్ లేదు కదా. "మావయ్యా, రివర్స్ పెట్టలేదేంటి?" అని కసిరాడు. థాంక్స్ గీంక్స్ ఏం లేవు. సాయంత్రం అక్క ఒక మాటంది: "గంటసేపు వాడు ఎవర్నీ ఏమీ అడగలేదురా." ఇంతకంటే ఆ సీన్ గురించి రాయను.

నేనేదో కొత్తగా కనిపెట్టేశానని అనుకోకండి. ఇలా పెద్ద స్విచ్ పెట్టి బొమ్మల్ని మార్చడం ప్రపంచంలో చాలాచోట్ల చేస్తున్నారు. అమెరికాలో డెలావేర్ యూనివర్సిటీలో కోల్ గ్యాలోవే అనే ఆయన మొదలుపెట్టిన 'గో బేబీ గో' అని ఒకటుంది. పిల్లలు ఎక్కి కూర్చుని నడిపే బ్యాటరీ కార్లు షాపులో కొని, కాలి పెడల్ బదులు చేత్తో కొట్టే పెద్ద స్విచ్ పెట్టి, నడవలేని చిన్నపిల్లలకి ఇస్తారు. ఇది ముందే తెలిసుంటే నాకు రెండు బస్సు ప్రయాణాలు మిగిలేవి.

ఇంకో ముచ్చట. మన పేపర్లలో హ్యాకింగ్ అంటే బ్యాంకు ఖాతా ఖాళీ చేయడం. కానీ ఆ మాటకి ఇంజినీరింగ్ అర్థం అబ్బింది ఎంఐటీలో, 1946లో పెట్టిన ఒక బొమ్మ రైళ్ల క్లబ్బులో. పట్టాల కింద టెలిఫోన్ రిలేలతో సిగ్నళ్ల వ్యవస్థ కట్టిన స్టూడెంట్లు, తెలివిగా చేసిన పనిని 'హ్యాక్' అనుకునేవాళ్లు. తర్వాత వాళ్లలో కొందరు కంప్యూటర్ గదిలోకి దూరారు. మాట కూడా వాళ్లతో పాటే వెళ్లింది. అంటే మొదట బొమ్మ, తర్వాతే కంప్యూటర్. రిమోట్ కంట్రోల్ కథ కూడా అంతే, 1898లో నికోలా టెస్లా న్యూయార్క్‌లో జనానికి చూపించింది రేడియోతో నడిచే ఒక చిన్న పడవ. మన డిపార్ట్‌మెంట్‌లో "బొమ్మలతో ఆడుకుంటున్నావా?" అన్నవాళ్లకి ఈ రెండూ చెప్పాలని చాలా అనుకున్నా, చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నా.

మూడో ఏడు మినీ ప్రాజెక్టుగా దీన్నే పెట్టా. టైటిల్ దగ్గరే గొడవ. "రిమోట్ కారుకి పెద్ద బటన్" అని రాస్తే ఫారం వెనక్కొచ్చింది, టైటిల్ బరువుగా లేదట. ప్యానెల్లో ఒక సార్ పెట్టెని ఒకసారి తిప్పి చూసి "ఇది బొమ్మ కదయ్యా, ఇందులో ఐఓటీ ఎక్కడుంది?" అన్నారు. లేదు సార్, అవసరం లేదు అన్నా. ఆయనకి నచ్చలేదు. పక్కన కూర్చున్న మేడమ్ మాత్రం కోడ్ ప్రింటవుట్ మీద వేలుపెట్టి "ఈ 400 ఎందుకు?" అని అడిగారు. ఆ ఒక్క నంబరు గురించి ఐదు నిమిషాలు మాట్లాడా. 10 కిలో ఓమ్‌ల ముందు నీళ్లు నమిలినవాడినే నేను. మార్కులు? 'బి'. కొన్నదానికి 'ఏ', చేసినదానికి 'బి'. నవ్వుకోవాలో తల బాదుకోవాలో మీరే చెప్పండి.

కొన్నవాళ్లందరూ బద్ధకస్తులు అనడం నా ఉద్దేశం కాదు. నేనూ కొన్నాను కదా. వారానికి ఇన్ని ల్యాబులు, మిడ్‌లు, కొందరికి బ్యాక్‌లాగులు. ఒక్కో గైడ్ మీద బోలెడు బ్యాచులు, ఆయన మాత్రం ఎన్ని బోర్డులు విప్పి చూస్తారు? పైగా కాంపోనెంట్లు ల్యాబ్ బీరువాలో తాళం వేసి ఉంటాయి, ఒక ట్రాన్సిస్టర్ కాలితే సమాధానం చెప్పాలి. బోర్డు కాలిపోతే తిట్లు, పని చేస్తే మార్కులు అన్నప్పుడు ఎవడైనా పనిచేసేదే కొనుక్కొస్తాడు. షాపువాడు అరటిపండు ఒలిచి చేతిలో పెడుతున్నాడు. మనం నమలడం కూడా మర్చిపోయాం.

కానీ టైటిల్ ఎంత పెద్దదైతే లోపల అంత ఖాళీ అన్నది మా బ్యాచ్‌లో అందరికీ తెలిసిన రహస్యం. అందుకే నా వాదన ఇది: మొదటి మినీ ప్రాజెక్టులో కొత్తది కట్టమని అడగొద్దు. ఉన్నది విప్పమని అడగండి. ప్రతి బ్యాచ్ ఇంట్లోంచో పాత సామాన్ల షాపులోంచో ఒక వస్తువు తేవాలి. బొమ్మ కారో, పాత రేడియోనో, ఆగిపోయిన మిక్సీ టైమరో. బల్ల మీద విప్పి, ఏది ఏం చేస్తుందో చెప్పి, దానిలో ఒక్క మార్పు చేసి చూపించాలి. ఆ మార్పు ఎవరికోసమో చెప్పాలి. ఖర్చు వెయ్యి దాటకూడదు. కారు కాకుండా నా పెట్టెకి అయింది 480 రూపాయలు. అమ్మే షాపువాడికి ఇది కష్టం. ఎవరి ఇంట్లో ఏ వస్తువు ఉందో, ఎవరి చెయ్యి ఎంత వణుకుతుందో వాడు లామినేషన్ చేసి పెట్టుకోలేడు కదా.

మా రూమ్మేట్ ఒప్పుకోడు. "ఇంటర్వ్యూలో బొమ్మ కారు అంటే నవ్వుతారు మామా, ఏఐ అని ఏదో ఒకటి పెట్టుకో రెజ్యూమెలో" అంటాడు. వాడి మాటలో నిజం లేకపోలేదు. రెజ్యూమె చదివేవాళ్లకి 400 మిల్లీసెకన్లు కనిపించవు, పెద్ద మాటలే కనిపిస్తాయి. దానికి నా దగ్గర జవాబు లేదు. రెజ్యూమెలో ఏం రాయాలో ఇంకా తేల్చుకోలేదు గానీ, అడిగితే గంటసేపు మాట్లాడగలిగింది మాత్రం ఈ ఒక్కదాని గురించే.

ఎవరికైనా చేయాలనిపిస్తే రెండు జాగ్రత్తలు. బ్యాటరీతో నడిచేవే విప్పండి, గోడ ప్లగ్గులోకి నేరుగా వెళ్లే వస్తువుల్ని సార్‌వాళ్లు పక్కన లేకుండా ముట్టుకోవద్దు. యాంటెనా పొడుగు పెంచి, పవర్ పెంచి "ఊరంతా రేంజ్" తెప్పిద్దామనే సరదా వద్దు. ఆ 27 మెగాహెర్ట్జ్ పట్టీని మనతో పాటు వేరేవాళ్లూ వాడుకుంటారు. మిగతాదంతా పాడైతే 550 రూపాయల నష్టం, అంతే. కానీ తమ్ముడి బొమ్మయితే మాత్రం ముందు వాణ్ణి అడగండి.

నా పెట్టెకి ఇప్పుడు మూడు మూతలున్నాయి. ముందుకు, ముందుకు-ఎడమకి, రివర్స్. కుడి లేదు. చిన్నోడు ఎడమకి తిరుగుతూ తిరుగుతూ చుట్టూ వచ్చి కుడికి పోతాడు, వాడికేం ఇబ్బంది లేదు. నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది, రివర్స్ మూత కొడితే ఏం కావట్లేదట. వైరు టంకం ఊడి ఉంటుంది, అసలే అది హడావిడిగా పెట్టా. బావ రేపు ఇటే వస్తున్నాడు, పెట్టె ఆయనకిచ్చి పంపమన్నా. వెనక నుంచి చిన్నోడి గొంతు వినిపించింది: "కారు ఇవ్వొద్దమ్మా, పెట్టె ఒక్కటే ఇవ్వు."